చిరుమానుకు కట్టిన పేలిక

"నా మోపుల నుంచి కట్టె తీసింది ఎవరు?"

యాకమ్మ వాకిట్లో నిలబడి అడిగింది. పుష్యమాసం. పొద్దు ఇంకా ఇంటి కప్పుల మీదికి రాలేదు. నోరు తెరిస్తే మాటతో పాటు పొగ వస్తోంది. నిన్న సాయంత్రం ఆమె బిగించి కట్టి గోడకు ఆనించిన మోపు ఒక పక్కకు వాలిపోయి ఉంది. మధ్యలోంచి ఒక్క కట్టె లాగినా తాడు సడలి మోపు చిక్కిపోయినట్టు కనబడుతుంది. హనుమకొండలో కట్టెలు కొనే ఇల్లాళ్లు కళ్లతోనే తూకం వేస్తారు.

పొయ్యి ముందు కూర్చున్న అత్త కట్టమ్మ వెనక్కి తిరగకుండానే జవాబిచ్చింది.

"ఎవరు తీస్తరు? దయ్యాలు తీసినయ్."

"దయ్యాలకు సుత సలి పెడ్తాందా?"

"పెడ్తది. బాలింతున్న ఇంట్ల దయ్యాలకు జర ఎక్కువనే పెడ్తది."

"అడిగి తియ్యొచ్చు గద అత్తా. నెత్తి మీద మోసేది నేను."

"కన్నది నేను. నా బిడ్డ వణుకుతాంటె, నీ మోపుకు దండం పెట్టి సెలవు తీసుకొని కట్టె గుంజాల్నా?"

వేపపుల్ల నములుతూ గోలెం దగ్గర నిలబడ్డ గట్టయ్య పెండ్లాన్నీ తల్లినీ మార్చి మార్చి చూశాడు. "ఆ కట్టె కంటె మీ ఇద్దరే ఎక్కువ మండుతాండ్లు. మీ నడుమ కుండ పెడ్తె నాకింత గటకన్న ఉడుకుతది."

"నువ్వు మాట్లాడకు" అని అత్తాకోడళ్లు ఒక్కసారే అన్నారు.

ఆ ఇంట్లో కట్టెలు కాల్చరు. కట్టెలు అమ్ముకుని బతికే ఏ ఇంట్లోనూ కాల్చరు. పొయ్యిలోకి కంది కట్టె, పత్తి కట్టె, పిడకలు. అడవి నుంచి వచ్చిన గట్టి కట్టె బస్సు పైకెక్కి హనుమకొండ పోయి, ఎవరి స్నానానికో నీళ్లు కాగబెడుతుంది. ఏటేటా అడవి దూరం జరుగుతోంది, మోపు ధర పెరుగుతోంది. ధర పెరిగినకొద్దీ ఇంట్లో కట్టె ముట్టుకోవడం మరింత పెద్ద నేరమవుతోంది.

ఈ ఏడు మాత్రం కంది కట్టెతో గడవదు. అది భగ్గున మండి బూడిదవుతుంది, నిప్పు నిలవదు. గట్టయ్య చెల్లెలు సమ్మమ్మ పురిటికి పుట్టింటికి వచ్చి ఆడపిల్లను కన్నది. బాలింత మంచం కింద పగలూ రాత్రీ కుంపటి ఉండాలి. కుంపటి ఆరకుండా ఉండాలంటే గట్టి కట్టె బొగ్గులే కావాలి. పోయిన చలికాలం సమ్మమ్మ మొదటి కాన్పు పిల్లవాడు అత్తగారింట్లో రొమ్ము పడిశం పట్టి, ఊపిరందక చచ్చిపోయాడు. ఈ పిల్ల నెలలు నిండకుండానే పుట్టింది. ఏడుపు కూడా పిల్లికూనదంత.

లోపలి నుంచి ఆ ఏడుపు వినబడేసరికి యాకమ్మ గొంతు తగ్గించింది.

"ఇయ్యాల నా చెట్టు కొట్టుకొస్త. ఎండింది. ఈ సలికాలం అయిపోయేదాక నీ బిడ్డకు, మనుమరాలికి ఫికర్ లేదు. అప్పటిదాక నా మోపు జోలికి రాకు."

"తెచ్చినంక చెప్పు" అంది కట్టమ్మ. కానీ కోడలు గొడ్డలి తీసుకుని బయలుదేరుతుంటే, మక్క రొట్టె ఒకటి గుడ్డలో చుట్టి గుమ్మం మీద పెట్టింది.

అడవిలో పచ్చి చెట్టు కొడితే కేసు. ఎండు కట్టె ఏరుకుంటే అడిగేవారు లేరు. అడవి అంచు ఊళ్లలో ఆడవాళ్లు ఈ రెంటి మధ్య ఒక దారి చేసుకున్నారు. తొలకరి వానల్లో, అడవిలో ఎవరూ తిరగనప్పుడు, తమకు నచ్చిన చెట్టు మొదలు చుట్టూ జానెడు వెడల్పున బెరడు చెక్కేస్తారు. చెట్టు పైనుంచి కిందికి ఎండుతూ వస్తుంది. చలికాలానికి అది ఎండుచెట్టే, దేవుడు చంపిందో మనిషి చంపిందో దూరం నుంచి తెలియదు. చెక్కినామె తన పాత చీర లోంచి ఒక పేలిక చింపి కొమ్మకు కడుతుంది. పేలిక ఉన్న చెట్టును ఇంకొక ఆడది ముట్టదు. మాటా మంతీ లేని ఊరివాళ్లు కూడా ఈ కట్టుబాటు తప్పరు.

పోయిన ఏడు యాకమ్మ కట్టినది వెలిసిపోయిన ధోవతి ముక్క. అది వానలకు నాని, ఎండకు చీకి రాలిపోయింది. పక్కూరి వాళ్లు దిక్కులేని చెట్టనుకుని కొట్టుకుపోయారు. ఆ కోపంతో ఈ ఏడు ఆమె రంగు పోని గుడ్డ కట్టింది. మేడారం జాతరలో గట్టయ్య కొనిపెట్టిన ఎర్ర చీర, దాని మీద పసుప్పచ్చ చుక్కలు. ముళ్లకంపకు పట్టి చినిగిందని ఉతికి దాచిన చీరే. అందులోంచి బెత్తెడు చింపి, తాను చెక్కిన చిరుమాను చెట్టు కొమ్మకు కట్టింది. ఎన్ని వానలు కురిసినా ఆ ఎరుపు అట్లాగే ఉంది. మిగిలిన చీరతో, సమ్మమ్మకు పిల్ల పుట్టాక, దూలానికి ఊయల కట్టింది. చెట్టుదీ ఊయలదీ ఒకే చీర అన్న సంగతి ఆమెకు అప్పుడు తట్టలేదు. పేలిక అన్నది ఆడవాళ్లకు చూపించుకునేది. మగవాళ్లు దాన్ని చదువుతారని ఆ ఊళ్లో ఎవరూ అనుకోలేదు.

ఆమెతో పాటు పక్కింటి మొగిలమ్మ వచ్చింది. మొగుడు పోయి, పిల్లలు లేక, ఒక్కతే గుడిసెలో ఉంటుంది. వయసులో పెద్దది, నోరు మరింత పెద్దది.

"పొద్దుగాల్నే మీ ఇంట్ల ఏం లొల్లే?"

"ఒక్క కట్టెకు, అక్కా."

"నువ్వు అదృష్టమంతురాలివి. నాకు లొల్లి పెట్టుకుందామన్న అత్త లేదు, మొగడు లేడు. కోడిపెట్టను తిడ్త. అది సుత మల్ల మాట్లాడది."

వాగు దాటి, చిరుమాను ఉన్న దిబ్బ ఎక్కారు. చెట్టు నిలువునా ఎండి, బూడిద రంగులో నిలబడి ఉంది. కొమ్మ మీద పేలిక లేదు.

అది ఫారెస్టు గార్డు చేతిలో ఉంది.

అతను చెట్టు వెనకనుంచి ఇవతలికి వచ్చాడు. వెంట ఇద్దరు వాచర్లు. గార్డు ఆ ఆడవాళ్లిద్దరికీ తెలియని మనిషి కాదు. వారానికొక మోపు అతని క్వార్టరు వెనక పడేసి రావడం ఆ ఊరి ఆడవాళ్ల వంతు. ఆ కట్టెలతో అతని భార్య నీళ్లు కాగబెట్టుకుంటుంది.

మొగిలమ్మే ముందు మాట్లాడింది. "ఏంది సారూ? మొన్ననే గద మీ ఇంట్ల మోపు ఏసిన."

"మోపు ముచ్చట ఎత్తకు." అతని గొంతులో కోపం కంటే ఆత్రం ఎక్కువుంది. "రేంజరు సారు వచ్చిండు. చెక్కిన చెట్లన్ని చూసి, వాచర్ల ముందల నా మొకాన ఫైలు కొట్టిండు. నాకు ఒక్క పేరు కావాలె. ఒక్కటి. ఈ గుడ్డ ఎవరిది?"

యాకమ్మ పెదవి కదిలింది. మొగిలమ్మ అది కనిపెట్టి, ఆమె కంటే ముందు నోరు తెరిచింది.

"గాలికి కొట్టుకొచ్చిందేమో సారూ."

"గాలి ముడేసిందా?"

"ఏమో. ఈ అడివి గాలికి మస్తు తెలివి."

ఒక వాచరు పక్కున నవ్వాడు. ఆ నవ్వుతోనే గార్డు చేతిలోని లాఠీ లేచింది. మొదటి దెబ్బ మొగిలమ్మ భుజం మీద పడింది. రెండోది పడేలోపు ఆమె తల కాచుకోవడానికి చెయ్యి అడ్డం పెట్టింది. మోచేతికి మణికట్టుకు నడుమ ఎముక విరిగిన చప్పుడు యాకమ్మకు స్పష్టంగా వినబడింది. రోజూ వినే చప్పుడే అది, మోకాలికి ఆనించి ఎండుకొమ్మ విరిచినప్పటిది.

యాకమ్మ గార్డు చెయ్యి పట్టుకోబోయింది. వాచర్లు ఆమె జుట్టు పట్టి వెనక్కి లాగి బోర్లా పడేశారు. ఒకడు ఆమె వీపు మీద మోకాలు పెట్టాడు. లాఠీ తొడల మీద, పిక్కల మీద పడుతూ పోయింది. నోట్లోకి మట్టి వచ్చింది. దెబ్బకూ దెబ్బకూ మధ్య అతను అదే మాట అడిగాడు. "ఎవరిది? ఎవరిది?"

యాకమ్మ నాది అనబోయింది. మట్టి నోట్లో అడ్డం పడింది. ఆలోగా మొగిలమ్మ, విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, "మాకు తెల్వదు, మాకు తెల్వదు" అని అరుస్తూనే ఉంది. ఆమెకు ఆ పేలిక ఎవరిదో తెలుసు. కట్టిన రోజు కొమ్మ వంచి పట్టింది ఆమే.

గార్డుకు ఆయాసం వచ్చి ఆగాడు. ఆడవాళ్ల గొడ్డళ్లు రెండూ లాక్కుని వాచర్లకు ఇచ్చాడు.

"సరే. ఊర్లకే పోత. ఇల్లిల్లు తిరుగుత. ఈ చీర ఏ దండెం మీద ఉంటదో, ఎవరి ఒంటి మీద ఉంటదో చూస్త."

అతను సైకిలెక్కి, ఒక వాచరును వెనక కూర్చోబెట్టుకుని బండిదారి పట్టాడు. రెండోవాడు వెనక నడిచాడు. యాకమ్మ లేచి కూర్చుంది. ఎర్రటి ఊయల, అందులో పిల్ల, అప్పుడు ఆమె కళ్ల ముందు నిలిచాయి.

"అక్కా, ఊయల."

మొగిలమ్మకు ఒక్క క్షణం పట్టింది. తర్వాత బాగున్న చేత్తో యాకమ్మను తోసింది. "నన్నిడువు. ఉరుకు. వాగు పొంట ఉరుకు."

బండిదారి చుట్టు తిరిగి పోతుంది, వాగు అడ్డంగా పోతుంది. యాకమ్మ కాళ్లు ఆమె మాట వినలేదు. లాఠీ దెబ్బలకు పిక్కలు కట్టెల్లా బిగుసుకుపోయాయి. పడుతూ లేస్తూ, చీర మోకాళ్ల పైకి దోపుకుని పరుగెత్తింది. ఆమె చేరేసరికి నడిచి వస్తున్న వాచరు ఇంకా రాలేదు, సైకిలు మీద వచ్చినవాడు ఆమె ఇంటి ముందు గోడకు ఆనించిన మోపు విప్పుతూ ఉన్నాడు. సైకిలు వాకిట్లో పడి ఉంది. లోపలి నుంచి కట్టమ్మ అరుపు వచ్చింది.

ఆ అరుపు కంటే ముందు జరిగింది తర్వాత కట్టమ్మే చెప్పింది. గార్డు ఇంటింటికీ తొంగిచూస్తూ వచ్చి, వీళ్ల గుమ్మంలో ఆగి, చీకట్లో ఎర్రగా వేలాడుతున్న ఊయలను చూశాడు. బాలింత ఉంది, లోపలికి రావద్దని కట్టమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టింది. అతను ఆమెను తోశాడు. ఆమె రోలు మీద పడింది, నుదురు చిట్లింది. అతను ఊయల గుడ్డకు పేలికను ఆనించి చూశాడు. చుక్కకు చుక్క సరిపోయింది. మంచం మీద లేచి కూర్చున్న సమ్మమ్మను "ఈ చీర నీదేనా?" అని అడిగాడు. వదిన చెట్టు సంగతి సమ్మమ్మకు తెలుసు. వదిన పేరు చెప్పకూడదని మాత్రమే ఆమెకు తోచింది. "నాదే" అంది.

యాకమ్మ గుమ్మం దాటేసరికి గార్డు ఒక చేత్తో ఊయల గుడ్డ గుంజుతున్నాడు, ఇంకో చేత్తో సమ్మమ్మ జుట్టు పట్టి మంచం మీంచి ఈడుస్తున్నాడు. ఊయల తాడు ఒక పక్క తెగింది. పిల్ల జారి, కింద పరిచిన గోనె మీద పడింది. మంచం కోడు తగిలి కుంపటి బోర్లపడింది. నిప్పులు నేలంతా పరుచుకున్నాయి, గోనె అంచు పొగ పట్టింది. సమ్మమ్మ పిల్ల కోసం నిప్పుల మీద అడుగు వేసింది. అడుగు వేసి తీయలేదు, పిల్లను అందుకున్నాకే తీసింది. గార్డు ఇంకా జుట్టు వదల్లేదు.

రోకలి తలుపు మూలన ఉంది. యాకమ్మ దాన్ని రెండు చేతులా తీసుకుంది. రోజూ వడ్లు దంచే చేతులకు దాని బరువు బాగా తెలుసు. అరవలేదు, తిట్టలేదు. గార్డు మెడ వెనక, చెవి కింద కొట్టింది. అతను ముందుకు వంగాడు, జుట్టు వదిలాడు. రెండోసారి మోకాలి మీద కొట్టింది. అతను నిప్పుల్లో కూలబడి పశువులా అరిచాడు. పాకుతూ గుమ్మం వైపు పోబోతుంటే మూడోసారి వీపు మీద కొట్టింది. నాలుగోసారి రోకలి తల ఎత్తున లేచింది, అది ఎక్కడ పడాలో కూడా ఆమె చూసుకుంది.

కట్టమ్మ రోకలిని పైనే పట్టుకుంది. నుదుటి నెత్తురు కంట్లోకి కారుతోంది.

"సచ్చిపోతడే పిల్లా! ఇడువు! ఇడువు!"

యాకమ్మ వదల్లేదు. ముసలామె ఆ రోకలికి వేలాడింది. సమ్మమ్మ ఒళ్లో పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఏడుపు విని యాకమ్మ వేళ్లు ఒక్కటొక్కటిగా సడలాయి.

వాచరు విప్పిన మోపు అక్కడే పడేసి పారిపోయాడు. తర్వాత ఊరివాళ్లే గార్డును బండిలో వేసి రోడ్డు దాకా తీసుకుపోయి, హనుమకొండ పోయే బస్సు ఎక్కించారు. అతనికి తెలివి ఉంది. బస్సు మెట్ల మీద కూడా తిడుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం సర్పంచ్ కిషన్ రావు వచ్చాడు. లోపలికి రాలేదు. వాకిట్లో గట్టయ్యను పక్కకు పిలిచి మాట్లాడాడు. గొంతు తగ్గించినా గోడ అవతల సమ్మమ్మ కాలికి మందు రాస్తున్న యాకమ్మకు ప్రతి మాటా వినబడింది.

"రేపు జీపు వస్తది గట్టయ్యా. సర్కారు మనిషి మీద చెయ్యి పడ్డది, ఎవరో ఒకరు పోవుడు ఖాయం. నేను రేంజరు సారుతోని మాట్లాడిన. బాలింతను మంచం మీంచి గుంజిన ముచ్చట బైటికొస్తె ఆ గార్డు నౌకరి సుత పోతది. అందుకే ఇంట్ల జరిగింది ఎవ్వరు ఎత్తరు. అడివిలనే కొట్టిన్రని రాస్తరు."

"ఎవరు కొట్టిన్రని?"

"మొగిలమ్మ ఉన్నది గద. చెయ్యి ఎట్లాగు ఇరిగింది. ఆమె కొడ్తె, ఆయన అడ్డుకున్నడు, చెయ్యి ఇరిగింది. సరిపోతది. ముందు ఎనక ఎవ్వరు లేనిది. నీ పెండ్లాం పోతె నీ ఇల్లు ఏంగాను? ఆలోచించుకో. పొద్దూకేటాల్లకు చెప్పు."

యాకమ్మ లేచి మొగిలమ్మ గుడిసెకు పోయింది. వెదురు బద్దలు పెట్టి, పసుపు గుడ్డ చుట్టి, ఎవరో చేతికి కట్టు కట్టారు. వేళ్లు వాచి నల్లబడ్డాయి. మొగిలమ్మకు కిషన్ రావు మాట ఇంకా చేరలేదు.

"పిల్ల మంచిగున్నదా?"

"ఉన్నది. పాలు తాగింది."

"సమ్మమ్మ కాలు?"

"బొబ్బలెక్కింది."

"నువ్వు కొట్టినవట. నేను చూడకపోతి." నవ్వబోయి, చేతి నొప్పికి పళ్లు కొరికింది. "చెట్టు ఎవరన్న కొట్టుకపోతరే యాకమ్మా. ఇప్పుడు దానికి పేలిక లేదు. పొద్దుగాల్నే పోవాలె."

యాకమ్మ సరే అంది.

పొద్దు గూకకముందే తినడానికి కూర్చున్నారు. బాలింతకు వేడి అన్నం, వెల్లుల్లి కారం. మిగతావాళ్లకు గటక, పచ్చిపులుసు. సమ్మమ్మ మంచం మీద, కాలు చాపుకుని, పిల్లను పొత్తిగుడ్డల్లో కడుపుకు అదుముకుని ఉంది. కుంపటిలో మళ్లీ నిప్పు పడింది, కంది కట్టె నిప్పు. కట్టమ్మ తలకు గుడ్డ కట్టుకుని వడ్డించింది.

గట్టయ్య ముద్ద కలిపాడు కానీ నోట్లో పెట్టుకోలేదు. కిషన్ రావు మాటలన్నీ చెప్పాడు, మొగిలమ్మ పేరు వచ్చినచోట తల వంచుకుని చెప్పాడు.

కట్టమ్మ పులుసు గిన్నెలో గరిటె తిప్పింది. "మొగిలమ్మకు నేను గటక పోస్త. జైలుకు సద్ది కట్టుకపోత. వచ్చినంక మనింట్లనే ఉంటది. పాపం తెలుసు నాకు. కని నువ్వు పోతె ఈ సలికి బాలింతకు కట్టె ఎవరు తెస్తరు, యాకమ్మా? నా మనుమరాలు దక్కాలె."

"అవ్వ చెప్పింది నిజమే" అన్నాడు గట్టయ్య. పెండ్లాం వైపు చూడలేదు.

"నాకోసం అనకుండ్రి" అంది సమ్మమ్మ మెల్లగా. "నాదే అన్నది నేను. కావాలంటె నా పేరే చెప్పుండ్రి."

"నువ్వు ఊకో" అన్నాడు అన్న.

యాకమ్మ గటక తింటూనే ఉంది. వంచడానికి రాని మోకాళ్లు చాపుకుని, గిన్నె ఒళ్లో పెట్టుకుని, చివరి ముద్ద దాకా తిన్నది. పులుసు తాగింది. చెయ్యి కడిగింది. అప్పుడు భర్త వైపు తిరిగింది.

"కిషన్ రావు పటేలుకు చెప్పిరా, జీపు రావాల్సిన పని లేదని. నేనే పోత. తొలి బస్సుకు మొగిలక్కను పెద్ద దవాఖానకు తీస్కపోత. చెయ్యి చూపిచ్చి, ఎవరు ఇరగ్గొట్టిన్రో డాక్టర్ సాబుతోని రాయిస్త. అక్కడ్నుంచి ఠాణాకు పోత. రోకలితో కొట్టింది నేనే అని చెప్త. ఎక్కడ కొట్టిన్నో, బాలింత జుట్టు పట్టి ఆయన ఏం చేస్తాంటె కొట్టిన్నో సుత చెప్త. ఊకుంటె ఆయన నౌకరి నిలుస్తదట, మొగిలక్క జైల్ల పడ్తదట. నేను ఊకోను."

కట్టమ్మ గరిటె కింద పెట్టింది. "మరి పిల్ల?"

"అడివిల రేపు గార్డు ఉండడు, దవాఖాన మంచం మీద ఉంటడు." యాకమ్మ భర్త ముఖంలోకే చూస్తూ అంది. "గొడ్డలి ఎవరిదన్న అడుక్కో. తెల్లారక ముందే పోయి చిరుమాను నువ్వు కొట్టుకరా. రేపటి నుంచి ఈ ఇంట్ల కట్టె తెచ్చేది నువ్వు."